పంతులుగారి సాక్ష్యం

మా పంతులుగారు మంగళవారం పొద్దున పోయారు. కబురు వచ్చినప్పుడు మగ్గం మీద ఉన్నాను. దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె చేతిలో అలాగే ఆగిపోయింది. ముందు దుఃఖం రాలేదు, సిగ్గు వచ్చింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆయన బతికుండగా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

పోచంపల్లి దగ్గరి మా సాలెల ఊళ్లో ఆయన చిన్న పఠనాలయం నడిపేవారు. నిజాం సర్కారు గురించి నోరెత్తితే ముప్పు. అందుకని మాకు అమెరికా సర్కారు సంగతులు చెప్పేవారు. చట్టం చేసేవాళ్లు వేరు, నడిపేవాడు వేరు, తీర్పు చెప్పేవాడు వేరు. "ముగ్గురి పనీ ఒక్కని చేతిల వడ్డదనుకో, మనకు ఇంకో దొర తయారైనట్టే" అనేవారు. చెప్పి ఊరుకోలేదు. పఠనాలయానికీ అయిదుగురి సభ, ఒక అధ్యక్షుడు, ఒక న్యాయాధిపతి ఉండాలన్నారు. అధ్యక్ష పదవికి పోటీ పడ్డ ఇద్దరికీ చెరో కుండ పెట్టి, మనిషికొక చింతగింజ వేయించారు. నేను అధ్యక్షుడినయ్యాను. ఆయన న్యాయాధిపతి. సభ ఒప్పుకున్నదాన్ని అధ్యక్షుడు కాదంటే దాన్ని వీటో అంటారని ఆయన చెబుతుంటే, నా భార్య వాకిట్లోంచి "గది మా ఇంట్ల నా చేతిలనే ఉన్నది పంతులూ" అన్నది. ఆయన పడిపడి నవ్వారు.

నాలుగు నెలలు తల ఎగరేసుకుని తిరిగాను. సర్కారుకు ఎదురు సభ పెట్టారని ఎవరో చేరవేశారు, ఒకనాడు మధ్యాహ్నం పోలీసు అమీన్ జవాన్లతో వచ్చాడు. పఠనాలయంలో మేమిద్దరమే ఉన్నాం.

"ఈడ సదర్ ఎవడు?" అన్నాడు. అధ్యక్షుడెవరని.

"పంతులే" అన్నాను.

ఆయన నా వైపు చూడనైనా లేదు. చెప్పులు తొడుక్కుని వాళ్ల వెంట నడిచారు. ఆరు నెలలు జైల్లో పెట్టారు.

ఆయన తిరిగొచ్చేసరికి నా మాట జవాన్ల నోటివెంట ఊరంతా పాకింది. నన్ను దింపేయాలని సభ పట్టుబట్టింది. "తప్పేందో అందరి ముందట చదవాలె. గీయన మాట గూడ ఇనాలె. అమెరికాల గట్లనే చేస్తరు" అన్నారు పంతులుగారు. అని, తీర్పు చెప్పే చాప మీది నుంచి లేచారు. "దెబ్బ తిన్నది నేనైతిని. తీర్పు నేనెట్ల చెప్త? నన్ను సాక్షి లెక్క అడుగుండ్రి."

నన్ను అడిగితే పంతులుగారి వైపు చూశాను. ఆయన్ను అడిగారు.

"నా పేరు చెప్పింది నిజమే. గని గా దినం గీయనకు ఒళ్లు కాలిపోయే జరం. ఏం మాట్లాడుతున్నడో సోయి లేకుండె."

సభ మెత్తబడింది. జ్వరం మనిషిని ఏమంటాం అన్నారు. నన్నే ఉంచారు.

నాకు జ్వరం లేదు. తలనొప్పి కూడా లేదు. ఉన్నది భయమొక్కటే. ఆ మాట అక్కడే చెప్పాల్సింది, చెప్పలేదు. ఆయన మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. నేను కనబడితే "రా, కూసో" అని చాప మీద జాగా ఇచ్చేవారు. అంతకంటే నాలుగు తిట్లు తిట్టినా తేలికయ్యేది నాకు.

మొన్న కాటి నుంచి వస్తుంటే సభలోని ఒక పెద్దాయన అన్నాడు, "బతికినన్నాళ్లు ఒక్క అబద్ధమాడి ఎరుగడు పంతులు."

తడి పంచెలతో వరుసగా నడుస్తున్న వాళ్లందరూ అవునన్నారు. నేనూ తలూపాను.