బావి దావా కోసం హైదరాబాదు దాకా

మా వంశానికి ఊళ్ళో మిగిలింది ఒక్క బావి. గడీ అమ్ముడుపోయింది, మామిడితోట పోయింది, నేను వరంగల్ మట్టెవాడలో రెండు గదుల అద్దెయింట్లో ఉంటున్నాను. అయినా నెక్కొండ అవతల మా ఊళ్ళో దాన్ని ఇప్పటికీ దొరబావి అనే అంటారు. డెబ్బైల చివర్లో ఆ బావికి కరెంటు మోటారు బిగించే మాట వచ్చింది. బావి మాదే అన్నాను. దాని కింద పొలం చేసే రాజవ్వ, కాదు మాదే అంది. నిజాం కాలంలో మా తాత ఆమె మామ మీద దావా వేసిన సంగతి ఇద్దరికీ తెలుసు. గెలిచాడని మా ఇంట్లో చెప్పుకుంటాం, ఓడాడని వాళ్ళింట్లో. సర్పంచి విసిగిపోయాడు.

"హైదరాబాదుల పాత కోర్టు కాయితాలు దాస్తరట. పోయి ఫైసలా తెండ్రి. అండ్ల ఎవలిదని ఉంటే బాయి వాళ్లది."

ఇస్త్రీ చేసిన షేర్వానీ వేసుకుని తెల్లవారుతూనే వరంగల్ స్టేషన్‌కు వెళ్ళాను. బండి వచ్చింది. ఎక్కి చూద్దును కదా, నెక్కొండలోనే ఎక్కిన రాజవ్వ కిటికీ పక్కన కూర్చుని ఉంది.

"ఇట్ల రా దొరా, జాగ ఉన్నది."

ప్రతివాది పక్కన కూర్చోవడమా? నిలబడ్డాను. కాజీపేటలో ఎక్కిన జనం నన్ను నెట్టి నెట్టి ఆమె పక్కనే కూలేశారు. ఎదురుగా కూర్చున్న టీచరమ్మ, "మీవోడా అవ్వా?" అని అడిగింది.

"మావోడు కాదు బిడ్డా, మా పగోడు. ఇద్దరం కలిసి కొట్లాడటానికి పోతానం."

పెట్టె పెట్టెంతా నవ్వింది. నేను నవ్వలేదు. జనగామలో ఇడ్లీ కొందామనుకుంటే నా దాకా రాకముందే బుట్ట ఖాళీ అయింది. ఆలేరు దగ్గర రాజవ్వ సద్దిమూట విప్పింది. జొన్నరొట్టె, చింత తొక్కు. ఒక రొట్టె నా వైపు చాచింది. వద్దన్నాను.

"పగోనికి ఆకలి కాదా? తిను. తిన్నంక మంచిగ కొట్లాడొచ్చు."

భువనగిరి వచ్చేసరికి రెండో రొట్టెలో ఉన్నాను.

సికింద్రాబాదులో దిగి సిటీ బస్సెక్కి ఆ పాత కాగితాల ఆఫీసు చేరేసరికి పదకొండు కావస్తోంది. ఇలాంటి పనికి వెళ్ళేవాళ్ళ కోసం చెబుతున్నాను: దరఖాస్తులో తాలూకా, ఊరు, నిజాం కాలపు లెక్కలో ఫసలీ సంవత్సరం, దావా వేసినవారి పేరు రాయాలి. పాత పట్టీలన్నీ ఉర్దూలో, పేర్ల వరుసలో ఉంటాయి. ఉర్దూ నాకు వచ్చు. మా తాత పేరు రాయవలసినట్టే రాశాను: శ్రీమంత దేశ్‌ముఖ్ రంగారావు బహద్దూర్.

కళ్ళజోడు పెట్టుకున్న గుమస్తా పెద్దమనిషి శ్రీమంత కింద చూశాడు. దేశ్‌ముఖ్ కింద చూశాడు. చివరికి బహద్దూర్ కింద కూడా చూశాడు.

"ఈ పేరు లేదు సాబ్."

"సరిగ్గా చూడండి. అంతటివాడి పేరు లేకపోవడమేమిటి?"

వెనక నుంచి రాజవ్వ అంది. "ఒట్టి రంగడని చూడుండ్రి సారూ. మా అత్త పొద్దుగాల లేవంగనే ఆ పేరే తీసి తిట్టేది."

నా చెవులు భగ్గుమన్నాయి. గుమస్తా ఉర్దూ 'రే' అక్షరం పేజీలు తిప్పాడు. రంగారావు, ఒట్టి రంగారావు! మధ్యాహ్న భోజనాల తర్వాత కట్ట వచ్చింది. దుమ్ముకు ఇద్దరం తుమ్ముకుంటూ బల్లకు చెరోవైపు కూర్చున్నాం.

మొదటి కాగితమే ఫైసలా. వాది హాజరు కానందున దావా కొట్టివేయడమైనది. బావి ప్రతివాది స్వాధీనంలోనే ఉండవలెను.

"ఏమున్నది దొరా? గెలిచిండా?"

ఆమెకు చదువు రాదు. ఆ ఉర్దూ చదివేవాడు మా ఊళ్ళోనూ లేడు. గెలిచాడని ఒక్క మాటంటే చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కాగితం తిప్పాను. కింద మా తాత సొంత దస్తూరీలో ఇంకో దరఖాస్తు ఉంది.

'ఆ రోజు నేను కోర్టు బయటే బండిలో ఉన్నాను. పిలుపు వినిపించింది. అయితే జవాను కూలివాణ్ణి పిలిచినట్టు రంగారావ్ అని మూడుసార్లు కేకవేశాడు. దొర అనలేదు. అటువంటి పిలుపుకు పలికే అలవాటు మా ఇంట్లో లేదు. కనుక దావా మళ్ళీ నడిపించవలెను.'

దాని మీద జడ్జి రాత ఒకే ముక్క: 'కోర్టులో అందరికీ ఒకటే పిలుపు. నామంజూరు.'

నాకు నవ్వు ఆగలేదు. షేర్వానీ గుండీ తెగేంత నవ్వు. చేతికి రావలసిన బావిని కేకకు పలక్క వదిలేసిన మనిషి! అబద్ధం చెప్పే అలవాటు కూడా మా ఇంట్లో లేదు. కాబట్టి మొదటి నుంచి చివరి దాకా తెలుగులో చదివి వినిపించాను. రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బల్ల మీదికి వాలిపోయింది.

"ఓయమ్మో! బయటనే ఉండి పలకలేదా? మా మామ లోపట గజగజ వణుకుతుండెనట దొరా! ఎందుకు గెలిచిండో చచ్చేదాంక ఆయనకు సమజ్ కాలె!"

గుమస్తా వచ్చి ఏమైందని అడిగాడు. చెబితే ఆయనా కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నకలుకు దరఖాస్తు నా చేత్తోనే నింపాను, రాజవ్వ పేరు మీద. ఆమె వేలిముద్ర వేసింది.

సాయంత్రం బండిలో ఇద్దరం కిటికీ పక్కనే కూర్చున్నాం. మా తాత జవాను వైపు ఎలా చూసి ఉంటాడో నేను చేసి చూపించాను. రాజవ్వ తన అత్త తిట్లు వరసగా వినిపించింది. అందులో కొన్ని ఇక్కడ రాయలేను. ఉన్న ఒక్క బావినీ పోగొట్టుకుని వస్తూ, పెళ్ళికి పోయి వస్తున్నవాడిలా ఉన్నాను. పాత దావాల కోసం వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే: ప్రతివాదిని వెంట తీసుకెళ్ళండి. దారి తొందరగా గడుస్తుంది.

చీకటి పడ్డాక వరంగల్లో దిగాను. రాజవ్వ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"మోటరు బిగించేనాడు రావాలె. బటన్ నువ్వే ఒత్తాలె దొరా."

"పిలిస్తే వస్తాను."

"పిలుస్త. పలకకపోతే మట్టెవాడ దాంక వచ్చి మూడుసార్లు ఒర్లుత!"

బండి కదిలింది. ప్లాట్‌ఫారం మీద ఒక్కణ్ణే నిలబడి నవ్వుతుంటే పోర్టర్లు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.