గాలి సందుకు అంటించిన వాగ్దానం

వందనాలు చివర్లో చెప్పుకుంటాను సహోదరులారా, ముందు ఈ చేతులు చూడండి. వెనక వరుసలో కూర్చున్నవాళ్లకు కనపడకపోతే మధ్యాహ్నం భోజనాల దగ్గర చూపిస్తాను, దాచుకునేదేమీ లేదు. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ముడతలు పడి మెరుస్తూ ఉంటుంది, ఎండాకాలమైతే చురచురలాడుతుంది, మన నందికొట్కూరు ఎండ సంగతి మీకు నేను చెప్పాలా! ఈ చేతులను చూసుకుని నేను దేవుణ్ణి ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న అడిగాను, ఆ ప్రశ్నకు ఆయన నాకు ఎక్కడ జవాబు చెప్పాడో వింటే మీరు నవ్వుతారు, అయినా చెప్తాను.

మీలో పాతవాళ్లకు తెలుసు, మన సంఘంలో ప్రభువు బల్ల ఆచరించే ఆదివారం అందరికీ విరిచి పంచే రొట్టె మా ఇంటి నుంచే వచ్చేది. మా అత్త చేసేది, ఆమె మంచాన పడ్డాక ఆ పెనం నా చేతికిచ్చింది. ఆ పొద్దున తలస్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా, పులియని గోధుమపిండి కలిపి, రొట్టె కాల్చి, తెల్లటి గుడ్డలో చుట్టి తెచ్చి పాస్టరయ్యగారికి ఇచ్చేదాన్ని. నాకు పాడే గొంతు లేదు, నేను పాడితే పక్కింటి గేదె తల తిప్పుకుంటుందని మా ఇంటాయన అంటాడు. వాక్యం చెప్పే చదువూ లేదు. దేవుని ఇంట్లో నాకున్న పని అదొక్కటే, దాన్ని ప్రాణంగా చూసుకునేదాన్ని.

ఈ చేతులు కాలిన ఆదివారం కూడా రొట్టె చేయడానికే వంటింట్లోకి వెళ్లాను. కడపరాయి గట్టు కింద అల్మారా, అందులో సిలిండరు, దానికి బిగుతైన తలుపు. సిలిండరు కనపడితే వంటిల్లు బాగుండదని ఆ తలుపు నేనే అడిగి పెట్టించుకున్నాను. లోపల రబ్బరు పైపును ఎలుక కొరికింది, రాత్రంతా గ్యాసు కారింది, నాకేమో జలుబు చేసి ముక్కు మూసుకుపోయింది, వాసన తెలియలేదు. పిండి కలిపి పక్కన పెట్టి లైటరు నొక్కాను సహోదరులారా, అంతే, గట్టు కింద నుంచి తలుపు పగిలి మంట బయటికి వచ్చింది! మా ఇంటాయన దుప్పటి కప్పి నన్ను వాకిట్లోకి లాగకపోతే ఈ పొద్దు మీకు ఈ సాక్ష్యం వినే అవకాశం లేదు. కర్నూలు ఆసుపత్రిలో కళ్లు తెరిచి నేను మొదట అడిగింది రొట్టె సంగతే. ఆ ఆదివారం సంఘానికి బేకరీ రొట్టె తెచ్చారని చెప్పారు.

ఒళ్లు మానింది, భయం మానలేదు. ఎవరింట్లోనైనా లైటరు టక్కుమంటే లేచి బయటికి వచ్చేసేదాన్ని. వంటింటి గడప దాటలేకపోయాను. మా ఇంటాయన కరెంటు పొయ్యి తెచ్చి తనే వంట మొదలుపెట్టాడు, ఆయన చేసిన పప్పు తిని కూడా బతికామంటే అదే పెద్ద సాక్ష్యం! మిగతా పూటలు హోటలు నుంచి ఉగ్గాని తెచ్చుకునేవాళ్లం. డాక్టరు నిద్రకు మాత్రలిచ్చాడు, పాస్టరయ్యగారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు, మీరంతా ఎంత ప్రేమగా పలకరించారో నేను మరువలేదు. అయితే మీలో ఎవరికీ చెప్పని మాట ఒకటి నా లోపల ఉండేది. ఒంటరిగా కూర్చుని ఈ చేతులు చూసుకుంటూ ఇలా ప్రార్థించేదాన్ని:

“ప్రభువా, నీ రొట్టె చేస్తున్నప్పుడే ఎందుకయ్యా? మా పూటకు జొన్నరొట్టె చేసుకునేటప్పుడు కాదు, నీ రొట్టె చేసేటప్పుడే ఎందుకు? నా చేతుల్లో నీకు ఏం నచ్చలేదు?”

నా చేతి రొట్టె ఆయనకు వద్దు, అందుకే నా చేతులు కాల్చాడు అని నా మనసులో గట్టిపడిపోయింది. అందుకే మీరు గమనించారో లేదో, బల్ల ఆచరించే ఆదివారం వాక్యం అయిపోగానే నేను చెప్పులు వేసుకుని మెల్లగా బయటికి వెళ్లిపోయేదాన్ని. తలనొప్పి అని చెప్పేదాన్ని. వద్దన్నవాళ్ల ఇంట్లో భోజనానికి కూర్చున్నట్టు అనిపించేది.

అలా ఉండగా మా ఇంటికి కోడలు వచ్చింది, కడప పిల్ల, గ్రేసీ, అదిగో చంటిబిడ్డతో కిటికీ పక్కన కూర్చుంది. కేకులు చేయడంలో ఆ పిల్ల చెయ్యి మంచిది, పుట్టినరోజులకూ పెళ్లిళ్లకూ అడిగి చేయించుకుంటారు. చిన్న కరెంటు ఓవెన్‌లో చేసేది, మన ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందే కదా, కేకు పొంగుతుండగా పోయేది, వచ్చేసరికి కేకు మధ్యలో గుంట! ఆ పిల్ల ఏడవలేక నవ్వేది. గ్యాసు ఓవెన్ అయితే కరెంటుతో పని లేదు, వంటింటి చెక్క అల్మారాలోనే అమర్చుకోవచ్చని మా ఇంటాయన లెక్క వేశాడు, ఆయన వడ్రంగి పని మీకు తెలుసు. ఆ మాట నా చెవిన పడగానే నేను వాకిట్లోకి వెళ్లి అరుగు మీద కూలబడ్డాను. గ్రేసీ వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పటికి నెలలు నిండుతున్నాయి, ఆయాసపడుతూ కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

“వద్దులే అత్తా,” అంది. “నువ్వు రాలేని వంటింట్లో ఓవెన్ పెట్టుకోని నేనేం చేసుకుందును?”

కోపంగా అన్నా బాగుండేది. ప్రేమగా అనేసరికి నేను తట్టుకోలేకపోయాను. ఆ సాయంత్రం మోకాళ్ల మీద పడి, “తండ్రీ, నా చేతుల సంగతి నీ ఇష్టం, గాని నా భయం తీసుకుపోయి ఈ పిల్ల మీద వేయొద్దు, నన్ను ఆ గడప ఒక్కటి దాటించు” అని ఏడ్చి, లేచి వచ్చి, ఓవెన్ తెప్పించమని మా ఇంటాయనకు చెప్పాను. మర్నాడే ఆయన కొలబద్ద పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు.

ఆ అల్మారాను ఆయన ఎంత శ్రద్ధగా చేశాడో చెప్పాలి. ఓవెన్‌తో వచ్చిన కాగితాలు ముందు పెట్టుకుని, బరువు మోసే మందం చెక్క వేసి, చుట్టూ వేడి తగలకుండా ఖాళీ వదిలి, పైన వేడి పోయేందుకు ఒక సందు పెట్టాడు. కింద నేలకు దగ్గరగా వెనక గోడను పెరటి వైపు తొలిచి ఇంకో సందు తీసి, ఎలుకలు రాకుండా జల్లెడ బిగించాడు. సిలిండరును ఇంట్లో ఉంచకుండా పెరట్లో ఇనుప చట్రంలో పెట్టాడు. ఎందుకో ఏమిటో చెప్పే ఉంటాడు, ఆయన మాటలు సగం నోట్లో మేకులు పెట్టుకుని చెప్తాడు, నాకు సగం అర్థం కాదు. ఆయన పనికి పోయాక గడప అవతల నిలబడి లోపలికి చూస్తే నాకు కనపడింది ఒకటే, కింద ఆ నల్లటి సందు. నన్ను కాల్చిన మంట కింద నుంచే కదా వచ్చింది!

ఇప్పుడు నవ్వే మాట వస్తుంది, నవ్వండి పర్వాలేదు. కొత్త సంవత్సరం ఆరాధనలో బైబిలు మాట ఒకటి రాసి పాస్టరయ్యగారు ఇచ్చే వాగ్దాన కార్డులు మనందరి ఇళ్లల్లో ఉంటాయి కదా, నాకు ఆ ఏడు వచ్చింది అగ్నిలో నడిచినా కాలిపోవన్న వాగ్దానం. ఆ కార్డు తీసుకుని, కళ్లు సగం మూసుకుని, పరుగున లోపలికి వెళ్లి, ఆ సందు మీద నాలుగు వైపులా టేపు వేసి అంటించి, మళ్లీ పరుగున బయటికి వచ్చాను. ఇక దేవుని మాట దాటి మంట రాదులే అనుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

మర్నాడు ఓవెన్ బిగించడానికి కర్నూలు నుంచి మస్తాన్ అనే ఆయన వచ్చాడు. నెరిసిన గడ్డం, నిదానమైన మనిషి. ఓవెన్‌ను లోపలికి తోయకముందే టార్చి వేసి అల్మారా అంతా చూశాడు, చూసి, వంగినవాడు అలాగే ఆగిపోయాడు. నేను గడప అవతలే ఉన్నాను. నా వైపు తిరిగాడు.

“అమ్మా, ఈ సందు మూస్తే ఓవెన్ పెట్టకూడదు. దీనిమీద దేవుని మాట రాసుండాది, నా చేత్తో పీకడానికి నాకు మనసొప్పదు. మీరే వచ్చి తీయల్ల.”

ఆయన మతం వేరు సహోదరులారా, అయినా మన దేవుని మాటను చింపడానికి ఆయన చెయ్యి రాలేదు. ఆయన అంత మర్యాద చూపిస్తుంటే నేను గడప అవతల ఎలా నిలబడతాను? వెళ్లాను. ఆ అల్మారా ముందు మోకాళ్లు వేశాను, వేరే దారి లేదు, ఆ సందు అంత కిందికి ఉంది. తీస్తూ తీస్తూ, ఈ సందు లోనుంచి మంట వస్తుంది కదప్పా అని అడిగాను.

“మంట రాదమ్మా, గ్యాసు పోతాది,” అన్నాడు. “గ్యాసు గాలికంటే బరువు. యాడన్నా కారిందంటే నీళ్ల మాదిరి కిందికే జారతాది. సందుంటే పెరట్లోకి పోతాది. మూసినామంటే ఆడనే పేరుకోని, అగ్గి కోసం కాసుకోనుంటాది.”

నా చేతులు కార్డు మీదే ఆగిపోయాయి. మా పాత అల్మారా కళ్ల ముందుకు వచ్చింది, సందు లేని అల్మారా, బిగుతైన తలుపు. ఏమీ దాచకుండా ఆయనకు జరిగినదంతా చెప్పాను, రొట్టె సంగతి కూడా. ఆయన టార్చి ఆర్పి కింద పెట్టి నా చేతుల వంక చూశాడు.

“దేవుడు మిమ్మల్ని ఏమీ అనలేదమ్మా,” అన్నాడు. “ఆ అల్మారాకు గాలి లేదు, అంతే.”

అంతే! ఇన్నేళ్లుగా నేను దేవుని ముఖంలో కోపం వెతుక్కుంటుంటే, ఆయన కోపమే పడలేదు, అల్మారాకు గాలి లేదు! నేను అక్కడే నేల మీద కూర్చుని, కార్డు గుండెకు పెట్టుకుని బిడ్డలా ఏడ్చాను. ఆ సందు లోనుంచి పెరటి గాలి నా ముఖానికి తగిలింది, చల్లగా ఏం లేదు, మన ఎండాకాలపు వేడిగాలే, అయినా నా ప్రాణం లేచి వచ్చింది. భయానికి నేను మూసింది దేవుడు నాకోసం తెరిపించిన దారిని. ఆయన మాటనే అడ్డం పెట్టి మూశాను చూడండి!

తర్వాత మా ఇంటాయనా మస్తానూ కలిసి ఓవెన్ ఎత్తి లోపల పెట్టి, కదలకుండా రెండు పక్కలా చెక్కకు బిగించారు. మస్తాన్ రబ్బరు పైపు కాకుండా ఎలుక పన్ను దిగని లోహపు పైపు వేసి, గ్యాసు ఆపే కుళాయిని ఓవెన్ వెనక కాకుండా పక్కన చెయ్యి అందే చోట పెట్టాడు. గ్యాసు తిప్పి, సబ్బునీళ్ల గిన్నె, కుంచె నా చేతికే ఇచ్చాడు. ప్రతి అతుకు మీదా పూసి బుడగ వస్తుందేమో చూడమన్నాడు, అగ్గిపుల్లతో మాత్రం ఎప్పుడూ చూడొద్దన్నాడు. పూశాను. చూశాను. ఒక్క బుడగ రాలేదు. స్తోత్రం! కిటికీలన్నీ తెరిచి, మొదటిసారి ఖాళీ ఓవెన్ వెలిగించాలన్నాడు. గ్రేసీ బొత్తం దగ్గరికి వస్తుంటే ఆపాను. “నీవే తోడుండు ప్రభువా” అని ఒక్క మాట అనుకుని నేనే తిప్పాను. చిన్న నీలం మంట, బుద్ధిగా, వరుసగా వెలిగింది. మా ఇంటాయన కళ్లు తుడుచుకుంటూ చెక్కపొట్టు పడిందన్నాడు. ఆ పొద్దు ఆయన చెక్క కోయనే లేదు.

ఆ కార్డు ఇప్పుడు వంటింటి తలుపు మీద, అందరికీ కనపడేచోట ఉంది. సందు తెరిచే ఉంది. గట్టు కింద సిలిండరు పెట్టి తలుపు బిగించుకున్న అక్కలు ఎవరైనా ఉంటే, ఇంటికి పోగానే దానికి గాలి దారి పెట్టించుకోండి, ప్రార్థన ఎలాగూ చేసుకుంటారు. నాలాగా ఒక కష్టాన్ని పట్టుకుని, దేవుడు నన్ను వద్దన్నాడని లోపల మూసి పెట్టుకున్నవాళ్లు ఉంటే, ఆయన దగ్గర తెరవండి తల్లీ, తెరవండి నాయనా. ఆయన వద్దనడు. నన్ను అనలేదు.

ఇంకొక్క మాట చెప్పి కూర్చుంటాను. ఆ బల్ల మీద తెల్లటి గుడ్డ కింద ఉన్న రొట్టె ఈ పొద్దు బేకరీది కాదు. తెల్లవారుజామున లేచి, తలస్నానం చేసి, ఈ చేతులతో పిండి కలిపి, ఆ ఓవెన్‌లో నేనే కాల్చాను. ఒక అంచు కొంచెం మాడింది, ఓవెన్ నాకింకా కొత్త, ఆ ముక్క ఎవరికి వస్తే వాళ్లు నన్ను క్షమించండి. దేవునికే మహిమ, మీ అందరికీ నా వందనాలు. పాస్టరయ్యగారూ, ఇక రొట్టె విరవండి, ఈ పొద్దు నేను లేచి పోను.