మూడు దేశాల విమానం, ఒక పాత కూపన్

2019లో ఒక ఉదయం, అమలాపురంలోని మా ట్రావెల్స్ ఆఫీసుకు ముక్తేశ్వరం నుంచి సువార్తమ్మ టీచరు గారు వచ్చారు. డెబ్బై ఏళ్లు, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. నడవగలిగినప్పుడే వాళ్ల నాన్నగారి సమాధి చూసి రావాలని ఆవిడ కోరిక. ఒక్కసారి మాత్రమే చేయగలిగిన ప్రయాణం.

ఆయన కెన్యా, ఉగాండా, టాంజానియా కలిసి నడిపిన విమాన సంస్థలో మెకానిక్. అక్కడే జ్వరంతో పోయారు. ఇంటికి వచ్చిన టెలిగ్రాంలో కంపెనీ పేరు ఉంది గానీ ఊరు లేదు; చిన్నప్పుడు ఆవిడ విన్నదీ 'ఆఫ్రికా' అనే. తర్వాత ఆ దేశాల మధ్య పొత్తు చెడి, 1977లో సంస్థే మూతపడింది. అడగడానికి ఆఫీసంటూ మిగల్లేదు.

మూడు ప్రభుత్వాలు ఒకే సంస్థను ఎలా నడిపాయో అర్థంకాక ఆవిడనే అడిగాను.

"మా కంపెనీకి ముగ్గురు మావగార్లు, ఎవరింటికి ముందెళ్లినా మిగతా ఇద్దరికీ అలకే అనేవోరు బాబూ నాన్నగారు" అన్నారు నవ్వుతూ.

చర్చి పాటల పుస్తకంలో దాచిన, ఆయన సెలవుకు ఇంటికొచ్చిన పాత టికెట్టు నాకిచ్చారు. అట్ట మీద నైరోబి హెడ్డాఫీసు చిరునామా ఉంది. ఇంకేం చూడకుండా కెన్యాకు టికెట్టు బుక్ చేసేశాను.

మర్నాడు మా ఇంట్లో కుటుంబ ప్రార్థనలో బైబిల్లోని వంశావళి ఉన్న అధ్యాయం వచ్చింది. అలాంటి చోట ఒక్క పేరూ దాటేయకుండా చదవాలని మా నాన్నగారు నేర్పారు. చదువుతుంటే, ఆ టికెట్టు లోపల నేనసలు చదవనేలేదని గుర్తొచ్చింది.

లోపల ఒక కూపన్ మిగిలి ఉంది. ఒక్కో మజిలీకి ఒక్కో ఆకు చింపుకుంటారు, దాన్నే కూపన్ అంటాం; దారంతా రాసిన చివరిది ప్రయాణికుడికే మిగులుతుంది. ఉద్యోగి సెలవు టికెట్టు పనిచేసే ఊళ్లో మొదలవుతుంది. మసకబారిన కార్బన్ అక్షరాల్లో వరసగా ఎంటెబ్బె, నైరోబి, బొంబాయి. నైరోబి ఆయన విమానం మారిన చోటు మాత్రమే. పనిచేసింది ఉగాండాలోని ఎంటెబ్బెలో.

ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను.

"ఆయ్, మా పిల్లలూ అంతే బాబూ. ప్రశ్న చదవకుండానే జవాబు రాసేసేవోరు" అన్నారావిడ.

ఈసారి తొందరపడలేదు. ఎంటెబ్బెలోని చర్చి సంఘాలకు ఉత్తరాలు రాశాను. ఒక పాస్టరు గారు సమాధుల రిజిస్టరు తిరగేసి, పేరుందని జవాబిచ్చారు. అప్పుడే టికెట్టు మార్చాను.

అక్కడి నుంచి ఆవిడ ఫోన్ చేశారు.

"నాన్నగారు ఇక్కడే ఉన్నారు బాబూ. రాయి మీద మన ముక్తేశ్వరం పేరు కూడా చెక్కేరు."

ఇప్పుడు ఎవరి టికెట్టు చేతికొచ్చినా అట్ట పక్కన పెట్టి, మొదటి ఊరి నుంచి చివరి ఊరి దాకా వేలు పెట్టి చదువుతాను.