బంగారురంగు పెట్టె

కొత్త ఫోను పెట్టెను కూడా పారెయ్యలేని జబ్బు నాకు చిన్నప్పుడే పట్టుకుంది. చంద్రగిరిలో మా పిల్లోళ్ల ఆటంతా ఖాళీ సిగరెట్టు పెట్టెలతోనే. బంగారురంగు పెట్టె ఉండేవాడే మొనగాడు. బీడీకట్ట కాగితానికి విలువ లేదు. మా నాయన తాగేది బీడీలే. అయినా, "మా నాయన సిగరెట్టే తాగుతాడబ్బా, బీడీ ముట్టడు" అని సావాసగాళ్ల దగ్గర కోతలు కోసినాను. వెనకనుంచి నాయన విన్నాడు.

మర్నాడు అందరి ముందరా జేబులోంచి బంగారురంగు పెట్టె తీసి, "ఇందప్పా, అయిపోయింది" అని నా చేతికిచ్చి నడిచినాడు. తెరిస్తే, లోపల సగం తాగి ఆర్పిన బీడీ ఒకటి ఉంది, తియ్యడం మరిచిపోయినాడు. అందరూ పకపకా నవ్వినారు.

"పెట్టె ఏ చెత్తకుప్పలోనో ఏరుకొచ్చినాడు" అని గట్టిగా అన్నాను నేను.

అప్పటికి నాయన వీధి మలుపు కూడా తిరగలేదు.