నాడె ముద్దు మాన్పించిన ఉస్తాద్

మా ఉస్తాద్ పోయాడన్న కబురు నాకు మల్లేశం పెదవుల మీద కనిపించింది. మా కార్ఖానా నిండా సాంచలు, అంటే మరమగ్గాలు. అవి నడుస్తుంటే చెవిలో అరిచినా వినపడదు. అందుకే ఒకరి పెదవులు ఒకరం చూసి మాట్లాడుకుంటాం. పోయిన మంగళవారం పొద్దున పక్క వరస నుంచి మల్లేశం నా ఎదుటికొచ్చి, "ఉస్తాద్ పోయిండు" అన్నాడు. నాకు అర్థమైంది. అయినా కానట్టే చూశాను. పాపం, అతను మళ్లీ అనాల్సి వచ్చింది.

సూరత్‌లో మా గల్లీ తెలుగువాళ్లలో సగం మందికి సాంచ పని నేర్పినవాడాయన. ఇంటర్ తప్పి, ఇంట్లో మొహం చూపించలేక రైలెక్కి వచ్చిన నన్ను మొదటి వారమంతా దేన్నీ ముట్టుకోనివ్వలేదు. "జర చూడు. చేతులకు తొందర ఎక్కువుంటది, కండ్లకు ఉండది" అన్నాడు. కళ్లు మూసుకుని బట్ట మీద అరచెయ్యి జరుపుతూ, తెగిన పోగు ఎక్కడుందో చెప్పేవాడు. చాయ్ ఎప్పుడూ సాసర్లో పోసుకునే తాగేవాడు. పొగడటం మాత్రం ఆయనకు చేతకాదు. బట్ట బాగా దిగితే ఏమీ అనకుండా పక్క సాంచ దగ్గరికి నడిచేవాడు. మాకు అదే మెచ్చుకోలు.

నన్ను పంతులు అని పిలిచేవాడు. గుజరాతీ బడికో హిందీ బడికో పోయే మా గల్లీ పిల్లలకు ఆదివారాలు నా గదిలో తెలుగు అక్షరాలు నేర్పేవాణ్ని, అందుకు. అందులో మొదట చేరింది ఆయన మనవరాలే.

నాలుగేళ్ల కింద ఆ బడి మూతపడింది. కారణం నాడె. పేక దారం చుట్టిన కండెను కడుపులో పెట్టుకుని పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే చెక్కముక్క అది. రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. ఒకరోజు దారి తప్పి ఎగిరొచ్చి నా మూతికి తగిలింది. పై వరస ముందు పళ్లు రెండూ పోయాయి. రెండే కదా అనుకున్నాను. తీరా ఆదివారం పిల్లల ముందు "త, థ, ద" అనబోతే గాలి వచ్చింది గాని అక్షరం రాలేదు. పిల్లలు పడీ పడీ నవ్వారు. వాళ్ల తప్పేం లేదు, నేనైనా నవ్వేవాణ్నే. తీసి పెట్టుకునే పళ్లు కట్టించుకుంటే అవి పాఠం మధ్యలో ఊడి పుస్తకం మీద పడ్డాయి. ఆ తర్వాత పని ఎక్కువైందని అబద్ధం చెప్పి బడి మానేశాను. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం అలవాటైపోయింది.

ఉస్తాద్ మాత్రం ప్రతి ఆదివారం గల్లీలో ఎదురై, "ఏంది పంతులు, బడి ఎప్పుడు?" అనేవాడు. నేను తప్పించుకునేవాణ్ని. ఒకనాడు ఊరి నుంచి ఆయన తల్లి ఫోన్ చేసి మునిమనవరాలితో మాట్లాడాలంది. ఆ పిల్ల కాసేపు విని, ముసలామె తెలుగు అర్థంకాక, "సమఝ్ మే నహీ ఆతా, తాతా" అని ఫోన్ ఆయన చేతిలో పెట్టేసింది. మర్నాడే నన్ను పళ్ల ఆసుపత్రికి లాక్కుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ గుజరాతీ అమ్మాయి, ఓపిక గలది. ఫొటో తీసి చూపించింది. పన్ను ఊడిన చోట దవడ ఎముక పని లేక క్రమంగా అరిగిపోతుందట. నాకు అది బాగా పలచబడింది. ఇంప్లాంట్ స్క్రూ బిగించాలంటే ఆ వెడల్పు చాలదు, ముందు అక్కడ ఎముక పెంచాలి అంది. ఎముకను పెంచడమేంటని ఉస్తాద్ ఆమెను దొంగను చూసినట్టు చూశాడు. నా దవడ వెనకభాగం నుంచే కాస్త ఎముక గీకి తీసి, ఎముక పొడి కలిపి, పలచబడిన చోట నింపి, పైన పల్చని పొర కప్పి కుట్లు వేస్తానని ఆమె చెప్పింది. నింపింది ఆసరా మాత్రమే, కొన్ని నెలల్లో దాని సందుల్లోకి నా సొంత ఎముక పెరగాలి అంది.

ఉస్తాద్ మొహం విచ్చుకుంది. "సమజైంది. బెన్ పడుగు పోస్తది. పేక నీ ఒంట్లకెల్లి రావాలె" అన్నాడు నాతో, డాక్టరమ్మను గుజరాతీలో అక్కా అన్నట్టు బెన్ అంటూ.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఐదో రోజు పనిలోకి వెళ్లాను. తొమ్మిదో రోజు కుట్లు విడిపోయాయి. సన్న రవ్వలాంటి పలుకులు నాలుక మీదికి వచ్చాయి. డాక్టరమ్మ నోరు చూసి మొహం చిన్నబుచ్చుకుంది. నోట్లో ఏదైనా గట్టిగా పీల్చావా, పీలిస్తే కుట్లు లాగేస్తాయని చెప్పానుగా అంది. బీడీ తాగావా? లేదన్నాను. చెరకు రసం స్ట్రాతో తాగావా? లేదు. గుట్కా? లేదు. నేను చెప్పింది నిజమే, కానీ ఆమె నమ్మలేదు. ఆమె నమ్మలేదని నాకు ఏడుపొచ్చింది.

మూల కుర్చీలో కూర్చున్న ఉస్తాద్ ఉన్నట్టుండి నుదురు కొట్టుకున్నాడు. లేచి, లేని నాడెను రెండు చేతుల్లో మూతి దగ్గరికి ఎత్తి, పెదవులు సున్నాలా చుట్టి, చుప్పుమని పీల్చి చూపించాడు. కండె అయిపోయినప్పుడల్లా మేం చేసే పని అది. కొత్త కండె పెట్టి, దారపు కొసను నాడె కన్ను అనే సన్న రంధ్రం దగ్గరికి తెచ్చి, బయటినుంచి నోటితో పీలిస్తే కొస బయటికి వస్తుంది. ఒక పాళీలో, అంటే షిఫ్టులో, ఎన్నిసార్లు చేస్తామో లెక్కలేదు. కన్ను ఆర్పడం ఎవడికైనా గుర్తుంటుందా? ఇదీ అంతే. పీల్చడమంటే అదీ పీల్చడమేనని నాకు తట్టనే లేదు.

డాక్టరమ్మ తనూ ఒకసారి పెదవులు చుట్టి పీల్చి చూసింది. కొన్ని నెలలు పుండు మానాక ఇంకొక్కసారి వేస్తానని, అదీ పోతే మళ్లీ కొయ్యడానికి తన మనసొప్పదని చెప్పింది. బయటికి వచ్చాక ఉస్తాద్ మెట్ల మీద కూలబడ్డాడు.

"తప్పు నాది పంతులు. గట్ల పీల్చుడు నీకు నేనే నేర్పిన."

ఆయనకు అలాంటి గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

రెండోసారి ఎముక వేశాక నేను పనిలోకి వచ్చిన రోజున ఉస్తాద్ మా కార్ఖానాలో ఉన్నాడు. అప్పటికే మోకాళ్లు సహకరించక పని మానుకున్న మనిషి. కండెల డబ్బా బోర్లించి నా సాంచల మధ్య కూర్చున్నాడు. సాంచలో దువ్వెనలా ఉండే పన్ని ఒకటి విరిగి ఉంటే, దాన్నుంచి ఒక తీగ లాగి, కొస వంచి, కొక్కెం చేశాడు. దాంతో నాడె కన్నులోంచి దారం లాగొచ్చు. నోటితో చేసేదానికంటే నిదానం, అంతే. పోగొట్టుకోకుండా దానికి ఎర్ర దారం కట్టాడు. కొక్కెంతో నేనే లాక్కుంటాను, కాపలా వద్దని చెప్పాను. "నీ చేతుల సంగతి నాకెరుకే" అన్నాడు. నిజమే, హడావిడిలో నాడె దానంతటదే మూతి దగ్గరికి పోయేది. అప్పుడు కండెతో నా భుజం మీద ఒక్కటి వేసి, తన పెదవుల మీద వేలు పెట్టుకునేవాడు. నలభై సాంచలు మోగుతుంటే ఈ ముసలాయన నిశ్శబ్దం నిశ్శబ్దం అంటున్నాడేమిటని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుకునేవారు.

నోటితో పీల్చొద్దని డాక్టరమ్మ చెప్పింది ఆరు వారాలు. ఉస్తాద్ పగటిపాళీ అంతా మూడు నెలలు కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాదు కాబట్టి మిగతావాళ్లకూ ఎర్ర దారం కట్టిన కొక్కేలు చేసిపెట్టాడు. మొదట ఎవరూ వాటిని ముట్టలేదు. నా కథ తెలిశాక ఒక్కొక్కరే పట్టుకున్నారు. నోట్లోకి దూది నలుసులు పోవడం తగ్గిందని మల్లేశమే మొదట ఒప్పుకున్నాడు.

ఆరు నెలలకు తీసిన ఫొటోలో, మునుపు ఏమీ లేని చోట తెల్లగా ఎముక కనిపించింది. "పేక పడ్డది" అన్నాడు ఉస్తాద్, అదేదో తనే నేసినట్టు. స్క్రూ బిగించారు. అది ఎముకలో కుదురుకునేదాకా ఆగి, ఈ మధ్యనే పళ్లు పెట్టారు. ఆ వారమే ఉస్తాద్ నన్ను డుమస్ సముద్రం ఒడ్డుకు తీసుకుపోయి టమాటా భజియా తినిపించాడు. పక్కనే మక్క కంకులు కాలుతుంటే నా చూపు అటు పోయింది. "దానికింక టైముంది. అటు చూడకు" అన్నాడు.

ఆ ఆదివారం బడి తెరిచాను. మనవరాలిని ఆయనే తెచ్చి కూర్చోబెట్టి, తను గడప దగ్గర కూర్చున్నాడు. నేను చెయ్యి అడ్డం పెట్టుకోకుండా "త, థ, ద, ధ, న" అన్నాను. ఒక్కటీ జారలేదు. పిల్లలు వంతపాడారు. ఉస్తాద్ వైపు చూశాను. ఏమీ అనకుండా లేచి, పక్కింటి వైపు నడిచాడు. అంతకంటే పెద్ద బహుమానం నాకు ఈ జన్మలో రాదు.

మరో రెండు నెలలకే వెళ్లిపోయాడు. పొద్దున సాసర్లో చాయ్ పోసుకుని, తాగకుండానే ఒరిగిపోయాడని వాళ్లింట్లో చెప్పారు. తాపీ నది ఒడ్డుకు సాగనంపి వచ్చిన మర్నాడు, యజమాని శేఠ్‌ను అడిగి కార్ఖానాలో సాంచలన్నీ పది నిమిషాలు ఆపాం. అంత నిశ్శబ్దం ఆ షెడ్డులో నేనెప్పుడూ వినలేదు. "పంతులు, నువ్వు చెప్పు రెండు మాటలు" అన్నాడు మల్లేశం. పైన రాసిందే చెప్పాను, ఇంకా పొట్టిగా. చెబుతున్నంతసేపూ నా చేతులు పక్కనే ఉన్నాయి. వెనక నిలబడ్డవాళ్లకూ ప్రతి మాటా వినపడిందట.

తర్వాత ఎవరి సాంచ దగ్గరికి వాళ్లు వెళ్లాం. మీటలు వేశారు. ఒక్కొక్క సాంచే చప్పుడు అందుకుంది. ఒక్కో దాని మేకుకు వేలాడుతూ ఒక కొక్కెం, దానికో ఎర్ర దారం. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా అవన్నీ ఒకేసారి అదరడం మొదలుపెట్టాయి.