వంకాయల బుట్టలో పడ్డ వైపరు బ్లేడు

మొన్న దేవరాపల్లి నుంచి వస్తుంటే వానలో మా పాత కారు వైపరు ఆగిపోయింది. చోడవరం చేరేదాకా మా ఆవిడ మేరీ కిటికీలోంచి తల బయటపెట్టి నాకు దారి చెప్పింది. రేపు మళ్లీ అక్కడే వాళ్ల చెల్లెలి నిశ్చితార్థం. అందుకని ఈ రోజు పొద్దున్నే వైపరు మోటారు విప్పి, నేరుగా బ్యాటరీకి వైర్లు తగిలించి చూశాను. కాసేపు మూలిగి ఊరుకుంది. అనకాపల్లి వెళ్లి, రెండు స్పీడులున్న సెకండ్ హ్యాండ్ మోటారు తెచ్చి బిగించాను.

సాయంత్రం మేరీ అద్దం మీద బకెట్టుతో నీళ్లు పోసింది. మొదటి స్పీడు బ్రహ్మాండం. రెండో స్పీడు వేయగానే పాత బ్లేడు ఊడి, గోడ దాటి ఎగిరిపోయింది. కాసేపటికి పక్కింటి సత్యవతి గారు దాన్ని పట్టుకుని వచ్చారు.

“ఏటి బాబూ ఇది? మా వంకాయల బుట్టలో పడ్డాది!”

“మా కారు వైపరండి. కొత్త మోటారు టెస్ట్ చేస్తన్నాను.”

“అలాగైతే మళ్లీ ఎయ్యి, నేనూ సూస్తాను.”

వేరే బ్లేడు బిగించేసరికి నిజం వానే మొదలైంది. ముగ్గురం కారెక్కి తలుపులు వేసుకున్నాం. కారు కదల్లేదు గానీ, వైపరు రెండో స్పీడులో అద్దాన్ని తళతళలాడించేసింది. సత్యవతి గారు చప్పట్లు కొట్టారు. వాన వెలిసేదాకా ఎవరమూ దిగలేదు.

దిగుతూ దిగుతూ ఆవిడ, రేపు నిశ్చితార్థానికి తనూ వస్తానన్నారు. ముందు సీటే కావాలట! పెళ్లికూతురి అక్కని వెనక సీట్లో కూర్చోమని ఎలా చెప్పాలో తెలిసినవాళ్లుంటే కాస్త చెప్పండి.