కాగితం లేని సైనికుడు

మా మనవరాలికి బడిలో ఏదో ప్రాజెక్టు ఇచ్చారట, రెండో ప్రపంచ యుద్ధం నాటి మూలాధారాలు మూడు సంపాదించి అతికించమని. నేను కళ్ళజోడు తుడుచుకుని, ఎవరిని అడగాలా, ఎక్కడ వెతకాలా అని ఆలోచనలో పడేలోపే అది ఫోను తీసి, రెండు ఉత్తరాలూ ఒక పోస్టరూ ప్రింటు తీయించుకొచ్చి, అయిపోయింది అమ్మమ్మా అని చక్కా ఆడుకోవడానికి పోయింది. ఆ మూడింటిలో ఒక్కటీ మన దేశంవాళ్ళది కాదు. నేను పైకేమీ అనలేదు గాని, ముప్పై ఏళ్ళు సోషల్ టీచరుగా చాకిరీ చేసినదాన్ని కదా, ఆ పూట నాకు అన్నం సయించలేదు. నా ఈడువాళ్ళకైతే ఈ బాధ విప్పి చెప్పక్కర్లేదు లెండి.

తొంభైల మధ్యలో మాట ఇది. గవర్నర్‌పేటకి దగ్గర్లో ఉన్న ఒక హైస్కూల్లో పదో తరగతికి చరిత్ర చెప్పేదాన్ని. యుద్ధాల పాఠం అంటే అప్పట్లో కారణాలు ఆరు, ఫలితాలు అయిదు, అంతే. పిల్లలు వాటిని ఎక్కాల్లాగా అప్పజెప్పేవాళ్ళు, అప్పజెప్పిన మర్నాటికి మరిచిపోయేవాళ్ళు. వేసవి ట్రైనింగులో ఒక పెద్దాయన, పాఠం పుస్తకంలోంచి కాదు, ఆ కాలపు మనుషులు రాసుకున్న కాగితాల్లోంచి చెప్పి చూడండి అన్నారు. మిగతా టీచర్లందరూ టీ కోసం లేచిపోయారు గాని నా బుర్రకి అది పట్టుకుంది. పట్టుకుందంటే నేనిక వదలను, చిన్నప్పటి నుంచీ మా అమ్మ నన్ను మొండిఘటం అనేది అందుకే.

మా హెడ్మాస్టారు మంచివారు, కాకపోతే ఆయనకి పదో తరగతి అంటే పాసు పర్సెంటేజీ ఒక్కటే. నేను నెల్లాళ్ళు ఆయన గది చుట్టూ తిరిగి ప్రాణం తీశాక, శనివారం ఆఖరి పీరియడు ఇచ్చి, రెండు మార్కులు కూడా రాని దానికి ఇంత హైరానా ఎందుకమ్మా అన్నారు. మార్కులు తగ్గితే నేనే మానేస్తానండీ అని ఆయన ఎదుటే మాటిచ్చి బయటికొచ్చాను.

మీ ఇళ్ళలో అటకలూ ట్రంకుపెట్టెలూ వెతకండి, తాతల కాలంలో ఎవరైనా యుద్ధానికి వెళ్తే వాళ్ళ కాగితాలు పట్టుకురండి అని పిల్లలకి చెప్పాను. నాలుగైదు వస్తే గొప్ప అనుకున్నాను. బల్ల నిండిపోయింది. సైన్యంలో నౌకరీ ముగించి పంపేటప్పుడు ఇచ్చిన పత్రాలు, యుద్ధం సంగతులు బయటికి పొక్కకుండా పైఅధికారులు మధ్యలో నల్లసిరా పూసేసిన ఉత్తరాలు, చెదలు సగం తిన్న ఫోటోలు వచ్చాయి. మా లెక్కల మాస్టారు సాయిబుగారు, వాళ్ళ నాన్నగారు ఆ యుద్ధం నుంచి తిరిగొచ్చి గవర్నర్‌పేటలో బట్టల కొట్టు పెట్టుకున్నవారు. మాస్టారు తన తండ్రి అక్కడి నుంచి ఇంటికి రాసిన ఉత్తరాల కట్ట పట్టుకొచ్చి, జాగ్రత్తండీ టీచరుగారూ, వీటికేమైనా అయితే మా అబ్బా నన్ను ఇంట్లోకి రానివ్వరు అన్నారు. వాటిలో ఒకదాని నిండా వానలు పడ్డాయా, నాట్లయ్యాయా, గేదె ఈనిందా అన్న ప్రశ్నలే. పిల్లలు విరగబడి నవ్వారు. కాసేపటికి ఒకడు, మరి యుద్ధం గురించి ఒక్క ముక్కా రాయలేదేంటి టీచర్ అన్నాడు. ఆ ప్రశ్న కోసమే కదా నేను నెల్లాళ్ళు తిరిగింది! ఆ శనివారం గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇక నాకు పట్టపగ్గాల్లేవు. గోడకి పెద్ద చార్టు కట్టి, మన బడి పిల్లల ఇళ్ళలోంచి యుద్ధానికి వెళ్ళినవారు అని పైన రాసి, కాగితం చూపించినవాళ్ళ తాత పేరే ఎక్కుతుందని నియమం పెట్టాను. చరిత్ర అంటే ఆధారం, ఆధారం అంటే కాగితం అని నొక్కి నొక్కి చెప్పాను. ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఉండేది, నోరు విప్పి మాట్లాడటమే తక్కువ. ఆ పిల్ల లేచి, మా తాతయ్య కూడా యుద్ధంలోనే చనిపోయారు టీచర్ అంది. కాగితమేదీ అన్నాను. చింపేశారు టీచర్ అంది. క్లాసంతా గొల్లుమంది. నేనైనా ఆగి ఆలోచించాలా, లేదు. ఆ పిల్ల నోటుబుక్కులో, తాత గురించి రాసుకున్న నాలుగు వాక్యాల కింద ఎర్రసిరాతో ఆధారం లేదు అని రాసి సంతకం పెట్టాను. తర్వాత రెండు రోజులు ఆ పిల్ల బడికి రాలేదు.

మూడో రోజు ప్రార్థన గంటకే వరండాలో ఒక ముసలావిడ నిలబడి ఉంది, డెబ్భై దాటి ఉంటాయి, పక్కన మనవరాలు తలొంచుకుని. హెడ్మాస్టారు ఏమ్మా ఏం పని అంటే, మీతో కాదండీ, యుద్ధం పాఠం చెప్పే పంతులమ్మగారితో అంది.

"మా ఆయన యుద్ధానికెళ్ళలేదని రాశారంటగదమ్మా. పిల్ల చదివి చెప్పింది. కాయితం లేని మాట నిజవేనండి. సావు కబురు కాయితం ఇంట్లో ఎవరుంచుకుంటారు చెప్పండి? మా మావగారు గుమ్మంలోనే చింపి కాలవలో పారేశారు. పాత ఉత్తరాలు కూడా అందులోనే కలిపేశారు. నా కొడుకు అప్పుడింకా కడుపులోనే ఉన్నాడు."

నాకు తల కొట్టేసినట్టయింది. మా పెద్దత్త పోయినప్పుడు వచ్చిన కార్డుని చదవగానే, ఇంట్లోకి అడుగైనా పెట్టకుండా ముక్కలు చేసి వీధిలో వేసినదాన్ని నేను. ఈ కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, చావు కబురు చింపేస్తామన్న సంగతి నాకు తెలియదా? తిరిగొచ్చినవాళ్ళ కాగితాలు ట్రంకుపెట్టెల్లో భద్రంగా ఉంటాయి, తిరిగి రానివాళ్ళవి ఉండవు. నా చార్టు నిండా తిరిగొచ్చినవాళ్ళే ఉన్నారని అప్పుడు చూసుకున్నాను.

హెడ్మాస్టారు ఇక ఈ గొడవ చాలించమ్మా అన్నారు. చాలించనండీ, తప్పు రాసింది క్లాసులో, దిద్దేదీ క్లాసులోనే అని ఆవిడని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన గురించి ఏం గుర్తున్నా చెప్పండి అన్నాను. ఆవిడకి చదువు రాదు. ఉత్తరం రాయించాలంటే కరణంగారింటికి వెళ్ళి అడ్రసు నోటితో చెప్పాలి, అందుకని మొత్తం బట్టీ పట్టిందట. కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. ముందు ఆయన సిపాయి నంబరు, ఆ తర్వాత ఒక్క క్షణం ఆగింది. మొగుడి పేరు నోటితో ఎలా చెబుతుంది? మనవరాలు ఆ పేరు అందించింది. ఆపైన కంపెనీ నంబరు, కేరాఫ్ ఫీల్డు పోస్టాఫీసు, అంటే సైన్యం వెంట ఉండే తపాలా ఆఫీసు, దాని నంబరు, యాభై ఏళ్ళ కిందటి అడ్రసు తడబడకుండా చెప్పింది.

నేను కబురు పంపితే మా లెక్కల మాస్టారు తన క్లాసు వదిలేసి వచ్చారు. తండ్రి కవర్లలో ఒకదాని మీద పంపినవారి అడ్రసు చూస్తే అదే వరస, నంబరు, పేరు, కంపెనీ, పోస్టాఫీసు. పోస్టాఫీసు నంబరు కూడా అదే. ఆయన ఆ కవరు పిల్లలకి ఎత్తి చూపిస్తూ, ఇద్దరూ బర్మా వైపు ఒక్కచోటే ఉన్నార్రా, మా అబ్బా, ఈ అమ్మాయి తాతా అన్నారు. నేను ఆ పిల్ల నోటుబుక్కు తెప్పించి, నా ఎర్రసిరా మాట అందరి ముందూ కొట్టేశాను.

తర్వాత చార్టు మీద పేరూ నంబరూ రాసి, బర్మా వైపు యుద్ధంలో మరణించారు అని రాయబోతుంటే, ఏం రాస్తన్నారమ్మా అని అడిగింది ముసలావిడ. మనవరాలు చెప్పింది.

"ఆ మాట వద్దండి. సావు రాస్తే ఈ కాయితం కూడా చింపెయ్యాలి గదా. ఎళ్ళారని రాయండి, అది చాలు."

నిజాన్ని సగంలో ఆపడమంటే చరిత్ర టీచరుకి ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. చివరికి బర్మా వైపు వెళ్ళారు అని రాసి చుక్క పెట్టాను. ఆ పరీక్షల్లో మార్కులు తగ్గలేదు, నేను ఆ పీరియడు మానేయనూ లేదు. రిటైరయ్యేదాకా ఏటేటా ఆ పాఠం అలాగే చెప్పాను, చార్టు మీద ఆ వాక్యం అక్కడే ఎందుకు ఆగిందో పిల్లల చేతే చెప్పించేదాన్ని.

ఇప్పుడు చావు కబుర్లు ఫోనులోకే వస్తున్నాయి. మా లెక్కల మాస్టారు పోయారని నిరుటి వేసవిలో వాళ్ళబ్బాయి మా పాత టీచర్ల గ్రూపులో పెట్టాడు. చదివాను, చింపడానికి చేతిలో కాగితం లేదు, తుడిచేయడానికి మనసు రాలేదు. మరో నిమిషానికి దాని కింద ఎవరో పంపిన గుడ్ మార్నింగ్ పూలబొమ్మ వచ్చి చేరింది. ఆ కబురు ఇంకా అందులోనే ఉంది, ఎప్పటికీ చెరగదంటారు. వాళ్ళింటికి ఒక్క ముక్క పరామర్శ రాద్దామని ఇన్లాండు కవరు తెప్పించుకుని కూర్చున్నాను. ఇరవై ఏళ్ళు పక్క క్లాసులో పాఠం చెప్పిన మనిషి అడ్రసు నాకు నోటికి రాలేదు.